మొలతాడు చెప్పని కొలత

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా ఒక జిల్లా కేంద్ర గ్రంథాలయంలో, ఆ ఊళ్ళోనే ప్రాక్టీసు చేస్తున్న జనరల్ ఫిజీషియన్ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. చివర సభలోంచి వచ్చిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? సరే.

లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి "ఊబకాయం మీద మాట్లాడండి మేడమ్, జనం వస్తారు" అన్నారు. వచ్చారు, సంతోషం. నేను మెట్లెక్కుతుంటే ముందు ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటున్నారు. "మనకెందుకురా ఇది, మనమేమన్నా లావా? కాసేపు కూర్చుని టీ తాగి పోదాం" అని. వాళ్ళెక్కడ కూర్చున్నారో నాకు తెలుసు, చూపించను. (నవ్వులు) ఈ పూట నేను మాట్లాడేది ముఖ్యంగా వాళ్ళ గురించే.

నా సంచిలో బరువు చూసే మిషన్ లేదు. ఇదిగో, దర్జీ టేపు ఉంది. నా టేబుల్ మీద స్టెతస్కోపు పక్కనే ఉంటుంది ఇది. "బట్టలు కూడా కుడతారా డాక్టరమ్మా" అని అడిగినవాళ్ళున్నారు.

నిజానికి నడుం కొలిచే సాధనం మనకి తరతరాలుగా ఉంది. మొలతాడు. పసివాడికి కట్టాక బామ్మ రోజూ వేలు దూర్చి చూసేది. బిగిస్తే పిల్లాడు ఒళ్ళు చేస్తున్నాడని సంబరం, వదులైతే దిగులు. పసిపిల్లల దగ్గర అది పనికొచ్చే కొలతే. పెద్దయ్యాక మాత్రం అదే తాడు అబద్ధం చెబుతుంది. పొట్ట ముందుకొచ్చే కొద్దీ తాడు కిందికి జారి, పొట్ట కింద నీడలో హాయిగా కూర్చుంటుంది. ప్యాంటూ అంతే. "ఇరవై ఏళ్ళుగా నా సైజు ముప్పై నాలుగేనండీ" అని గర్వంగా చెబుతారు. ఇరవై ఏళ్ళ కింద దాన్ని బొడ్డు దగ్గర కట్టేవారు, ఇప్పుడు నాలుగంగుళాలు కిందికి దింపారు. సైజు మారలేదు, అడ్రస్ మారింది. (నవ్వులు) ఆడవాళ్ళం మనమూ నవ్వక్కర్లేదు. పావడా బొందు ఎంత పొట్టకైనా సర్దుకుపోతుంది.

కొలిచే చోటు చెబుతాను, ఇంటికెళ్ళి చూసుకోండి. పక్కన చేయి పెట్టుకుంటే చివరి పక్కటెముక తగులుతుంది. దాని కింద తుంటి ఎముక పై అంచు తగులుతుంది. ఆ రెండింటికీ నడిమధ్య టేపు చుట్టాలి. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. లోపలికి బిగబట్టడం ఫోటోలకి. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై అయిదున్నర అంగుళాలు. ఆడవాళ్ళకి 80, అంటే ముప్పై ఒకటిన్నర. అది దాటితే జాగ్రత్త పడాలి. ఈ అంకెలు మనలాంటి ఆసియా వాళ్ళకి పెట్టినవి. అమెరికాలో వాడే హద్దు మగవాళ్ళకి 102, ఆడవాళ్ళకి 88. మనకి అంత వెసులుబాటు లేదు. ఎందుకు లేదన్నదే అసలు కథ.

ముందు బీఎంఐ గురించి రెండు ముక్కలు. కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. 1830లలో బెల్జియంలో కెటెలే అనే ఖగోళ శాస్త్రవేత్త, గణాంకాల మనిషి, ఈ లెక్క కట్టాడు. ఆయనకి లావు, సన్నం పట్టలేదు. సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవాలనుకున్నాడు, అంతే. 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికన్ దీనికి బీఎంఐ అని పేరు పెట్టాడు. జనాభా మొత్తాన్ని చూడ్డానికి ఇది బాగానే పనికొస్తుంది. ఒక మనిషిని కూర్చోబెట్టి చూడ్డానికి వచ్చేసరికి బోల్తా పడుతుంది. ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడుంది, ఏదీ చెప్పదు.

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫోటో వేశారు. ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడ్డారు. ఒకరు పుణె కేఈఎం ఆసుపత్రి చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఏ డాక్టరైనా "భేష్" అనే అంకె. ఒంట్లో కొవ్వు కొలిచి చూస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. వాళ్ళే సరదాగా రాసుకున్నారు: ఒకరు మారథాన్ పరుగెత్తుతారు, రెండో ఆయన వ్యాయామం ఏమిటంటే పొద్దున్నే ఆసుపత్రిలో లిఫ్టు తలుపులు మూసుకునేలోగా పరుగెత్తడం. అయితే ఆ తేడా అంతా పరుగు వల్ల వచ్చింది కాదు. యాజ్ఞిక్ గారు తక్కువ బరువుతో పుట్టారని కూడా అక్కడే రాశారు.

ఆ మాట వెనక పెద్ద పరిశోధన ఉంది. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండులో సౌతాంప్టన్‌లో పుట్టిన పిల్లలతో పోల్చి చూశారు. అక్కడి పిల్లలు సగటున మూడున్నర కిలోలు, మనవాళ్ళు సగటున 2.7. మన పిల్లల్లో కండ తక్కువ, లోపలి అవయవాలు చిన్నవి. వీపు మీద చర్మం కింది కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. అంటే తల్లి కడుపులో తిండి చాలనప్పుడు బిడ్డ కండని వదులుకుని కొవ్వుని కాపాడుకుంటుంది. కరువులో ఇంట్లో వాళ్ళు సామాన్లన్నీ అమ్మి, విత్తనాల మూట ఒక్కటి దాచుకున్నట్టు. ఆ మూటతో పుట్టిన పిల్లాడు పెరిగి పెద్దై, కరువు లేని రోజుల్లో, సోఫాలో కూర్చున్నాడు. అదే మనం.

ఇంకో ముక్క. ఇంగ్లండులోనే 14 లక్షల మందికి పైగా రికార్డులు చూసి 2021లో ఒక లెక్క తేల్చారు. తెల్లవాళ్ళకి బీఎంఐ 30 దగ్గర షుగర్ వచ్చే ముప్పు ఎంతో, దక్షిణాసియా వాళ్ళకి 23.9 దగ్గరే అంత. మీ అబ్బాయి లండన్‌లో ఉంటే, అక్కడి తెల్ల స్నేహితుడి పక్కన నాజూగ్గా కనబడుతూనే, అతనికంటే ముందే షుగర్ తెచ్చుకోవచ్చు.

దీన్ని నా పేషెంట్లకి పాత పెంకుటింటి లెక్కలో చెబుతాను. చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు అటక లాంటిది. ధాన్యం బస్తాలు అక్కడుంటే ఎవరికీ అడ్డం కాదు. పిరుదుల దగ్గర, తొడల దగ్గర ఉండే కొవ్వు అలాంటిదే, దాంతో జబ్బులు తక్కువ. మనలో చాలామందికి అటక చిన్నది. తొందరగా నిండిపోతుంది. ఇంకా బస్తాలు వస్తూనే ఉంటే ఎక్కడ పెడతాం? పేగుల చుట్టూ పెడతాం, అది బయటికి పొట్టగా కనిపిస్తుంది. తర్వాత లివర్లో, అంటే వంటింట్లో పెడతాం. వంటిల్లంతా బస్తాలైతే వంటెక్కడ సాగుతుంది? భోంచేశాక ఇన్సులిన్ వెళ్ళి లివర్‌తో "తిండి వచ్చింది, నువ్వు చక్కెర వదలకు" అని చెప్పాలి. కొవ్వు పట్టిన లివర్‌కి ఆ మాట చెవికెక్కదు. క్లోమం ఇంకా గట్టిగా అరుస్తుంది, అంటే ఇంకా ఎక్కువ ఇన్సులిన్ చేస్తుంది. పదేళ్ళు అలా అరిచి గొంతు పోగొట్టుకుంటుంది. ఆ రోజు మీ రిపోర్టులో షుగర్ అని వస్తుంది. మీరేమో "మొన్నటిదాకా బాగానే ఉందండీ" అంటారు.

నా సంగతే చెబుతాను, దాచుకోవడమెందుకు. నలభై ఒకటో ఏట నా ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. బీఎంఐ 24. పాత పుస్తకాల లెక్కలో నార్మల్. నేను పనిచేసే చోట కొత్త స్కానింగ్ మిషన్ వస్తే, పరీక్షించడానికి ఎవరైనా పడుకోండి అన్నారు, నేను పడుకున్నాను. ఫ్యాటీ లివర్. చూసినాయన "గ్రేడ్ వన్నే కదా మేడమ్, అందరికీ ఉంటుందిలెండి" అని జెల్ తుడుచుకోమని టిష్యూ ఇచ్చారు. ఇంటికెళ్ళి టేపు పెట్టుకుంటే 87. రోజూ అందరికీ 80 అని చెప్పే మనిషిని, నా నడుం నేనెప్పుడూ కొలుచుకోలేదు.

"అందరికీ ఉంటుందిలెండి" అన్న మాట నాకిప్పటికీ కోపం తెప్పిస్తుంది. అందరికీ ఉండటం నిజమే, అదే కదా భయపడాల్సింది. 2023లో ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, షుగర్ మీద చేసిన ఇండియాబ్ సర్వే ఫలితాలొచ్చాయి. దేశంలో పెద్దవాళ్ళలో 11.4 శాతానికి షుగర్, అంటే పది కోట్ల మంది పైచిలుకు. అందులోనే ఇంకో రెండు అంకెలున్నాయి. బరువు లెక్కన ఊబకాయం 28.6 శాతం. పొట్ట లెక్కన 39.5 శాతం. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా చూడండి. బరువు మిషన్ ఎక్కితే పట్టుబడని పొట్టలవి. మన రాష్ట్రాల సంగతీ చెబుతాను. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ 25, ఆపైన ఉన్న ఆడవాళ్ళు దేశం మొత్తం మీద 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36.3, తెలంగాణలో 30.1. మగవాళ్ళు ఆంధ్రాలో 31.1, తెలంగాణలో 32.3. రెండు రాష్ట్రాలూ దేశం సగటుని దాటిపోయాయి.

ఎందుకు? ఇక్కడ తిండి దగ్గరికి రావాలి. కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే అన్నం జోలికొస్తే మనకి కోపం వస్తుంది.

మన భోజనంలో రెండే పనులున్నాయి. కలుపుకోవడం, నంజుకోవడం. ఆకులో ఏది పడినా అన్నంలో కలవాల్సిందే. ముందు ఆవకాయ ముద్ద, తర్వాత పప్పన్నం, తర్వాత కూరన్నం, పులుసు, చారు, చివరికి పెరుగన్నం. పెళ్ళెప్పుడని అడగాలన్నా "పప్పన్నం ఎప్పుడు పెడతావు" అంటాం. ఒక్కో వంటకానికి ఒక్కో వాయి అన్నం. కూర గరిటెడు వేస్తారు, ఆ గరిటెడు కూరకీ పళ్ళెం సగం అన్నం. పెరుగన్నం తినకపోతే భోజనం అయినట్టే కాదు, లేవడానికి మనసొప్పదు. ఇలా లెక్కేస్తే ఒక పూటకి పావుకిలోకి కాస్త తక్కువ బియ్యం లోపలికెళ్ళడం పెద్ద విశేషం కాదు. వంద గ్రాముల బియ్యం అంటే ఇంచుమించు 350 కేలరీలు. ఐసీఎంఆర్ వాళ్ళదే 2025 నాటి మరో పరిశీలనలో, దేశంలో మనం తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలవే అని తేలింది. పప్పుల్లో, గుడ్లలో వచ్చే ప్రొటీనేమో అంతంతమాత్రం.

"నేను రాత్రి అన్నం మానేశానండీ, టిఫినే" అంటారు. ఏం టిఫిన్? దోసె. దోసె దేనితో చేస్తారు? (సభలోంచి: "బియ్యం!") ఇడ్లీ రవ్వ దేనిది? (నవ్వులు) అన్నం రూపం మార్చుకుని వెనక గుమ్మంలోంచి వచ్చింది, పైగా నూనె వెంటేసుకుని వచ్చింది. శనివారం ఒక్కపొద్దు ఉంటారు. మధ్యాహ్నం ఒక్క పూట భోజనం, రాత్రి ఉప్మా, పూరీ, ఒక గ్లాసు పాలు, రెండరటిపళ్ళు. దేవుడు క్షమిస్తాడేమో, లివర్ క్షమించదు.

మా తాత ఇంతకు రెట్టింపు అన్నం తినేవాడు, ఆయనకి రాలేదే అని మీరడుగుతారు. ప్రతి సభలోనూ అడుగుతారు. మీ తాత నాగలి పట్టాడు, మీ నానమ్మ రోట్లో రుబ్బింది, దంపింది, బావిలో నీళ్ళు తోడింది. ఆ బియ్యం మిల్లులో పాలిష్ పట్టి అద్దంలా మెరిసిన బియ్యం కాదు. నూనె సంగతి చూడండి. నా చిన్నప్పుడు సీసా పట్టుకుని కొట్టుకెళ్ళి పావుకిలో నూనె తెచ్చేవాళ్ళం. బజ్జీలు వాన పడితేనో, చుట్టాలొస్తేనో. రాయలసీమలో, తెలంగాణలో జొన్నరొట్టె, రాగిసంగటి తినే ఇళ్ళల్లో అన్నం పండగ వంట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకాన్ని నేను తప్పు పట్టను, ఆకలి చూసినవాళ్ళెవరూ తప్పు పట్టరు. అయితే పళ్ళేలన్నీ తెల్లబడటంలో దానికీ వంతు ఉంది. తర్వాత మోపెడ్ వచ్చింది, మిక్సీ వచ్చింది, మోటారు వచ్చింది. ఒంటి కష్టం పోయింది, పళ్ళెంలో అన్నం అంతే ఉంది.

ఇప్పుడు నూనె. అమ్మా, మీరు, ఆకుపచ్చ చీర... మీ ఇంట్లో నెలకెన్ని నూనె ప్యాకెట్లు? (సభలోంచి: "ఏడు. నలుగురం.") నిజం చెప్పినందుకు థాంక్స్ అమ్మా. ఏడు లీటర్లంటే ఆరుకిలోల నాలుగొందల గ్రాములు. మనిషికి కిలో ఆరొందలు. బెంగపడకండి, మీరు దేశం సగటు దగ్గరే ఉన్నారు. నీతి ఆయోగ్ లెక్కలో మనిషికి ఏడాదికి 19.7 కిలోలు. ఐసీఎంఆర్ చాలనేది 12 కిలోలు. అంటే మీ నలుగురికీ నెలకి నాలుగు కిలోలు, బయట తిన్న బజ్జీ, బిర్యానీ, మిక్చర్ అన్నీ కలిపి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, మన హైదరాబాద్‌లోనే 1958 నుంచీ ఉన్న సంస్థ, ఈ మాట చెప్పి చెప్పి అలిసిపోయింది. గ్రాము నూనెలో 9 కేలరీలు, గ్రాము బియ్యంలో మూడున్నర. ఆలివ్ అయినా, గానుగదైనా, రిఫైన్డ్ అయినా ఈ లెక్క మారదు. "గానుగ నూనె వాడుతున్నామండీ" అని ఏడు ప్యాకెట్లు వాడితే లాభం లేదు.

ప్యాకెట్ తిండి గురించి ఒక్క ప్రయోగం చెప్పి వదిలేస్తాను. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే ఆయన ఇరవై మందిని ఒకే చోట ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. రెండింట్లోనూ చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా ఉండేలా చూశారు. కావలసినంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి తిన్న రోజుల్లో రోజుకి 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, బరువు పెరిగారు. వండిన తిండికి రాగానే తగ్గారు. అదే మనుషులు, అదే మనసు, అదే ఇష్టాయిష్టాలు. మారింది ప్యాకెట్ ఒక్కటే.

ఆడవాళ్ళ విషయం వేరే చెప్పాలి. మా ఓపీకొచ్చే ఆవిడ "నేనేమీ తినను డాక్టరు గారూ, గాలి పీల్చినా లావవుతాను" అంటుంది. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ఆవిడ తనకంటూ వడ్డించుకుని తినేది తక్కువే. పిల్లాడు వదిలేసిన ఇడ్లీ ముక్క, గిన్నెలో మిగిలిన కూర, పారేయడమెందుకని ఆఖరున తిన్న అన్నం, ఇవేవీ ఆవిడ లెక్కలో లేవు. అందరూ తిన్నాక రాత్రి పదిన్నరకి సీరియల్ చూస్తూ తింటుంది, పొద్దున అయిదుకి లేస్తుంది. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది. సాయంత్రం నడుద్దామంటే వీధిలో లైటు లేదు, కుక్కలున్నాయి, "ఈ టైములో ఎక్కడికి" అనే అత్తగారున్నారు. ఊబకాయానికి కారణాలు అని పుస్తకంలో రాసే జాబితాలో వీధిలైటు ఉండదు. నా జాబితాలో ఉంది.

థైరాయిడ్ గురించి అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. థైరాయిడ్ తగ్గితే పెరిగే బరువు కొద్ది కిలోలే, అందులోనూ నీరే ఎక్కువ. ఇరవై కిలోలు పెరిగి నెపం థైరాయిడ్ మీద వేస్తే దానికన్యాయం. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక జబ్బుల మందులు, ఇన్సులిన్ వల్ల బరువు పెరగడం మాత్రం నిజం. అలాంటివి వాడుతుంటే మీ డాక్టర్‌తో మాట్లాడండి, మీకు మీరే ఆపకండి.

ఇక జబ్బులు. షుగర్ చెప్పాను. బీపీ, గుండెపోటు మీకు తెలిసినవే. మనం పట్టించుకోని రెండింటి దగ్గర ఆగుతాను.

ఒకటి గురక. గురక గురించి మగవాడెప్పుడూ రాడు, వాళ్ళావిడ తీసుకొస్తుంది. "రాత్రి గురక పెడుతూ పెడుతూ ఠక్కున ఆగిపోతారండీ, నాకు గుండె ఆగినంత పని, మళ్ళీ ఒక్కసారిగా ఎగశ్వాస తీస్తారు" అని చెబుతుంది. ఆయనేమో పక్కన నవ్వుతుంటాడు. మెడ చుట్టూ, గొంతు చుట్టూ కొవ్వు పేరుకుని, నిద్రలో దారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఇది రాత్రంతా, గంటకి పదులసార్లు. పొద్దున తలనొప్పి, ఎన్ని మందులు వేసినా దిగని బీపీ, పగలు బండి మీద కునుకు. మా దగ్గర ఒక లారీ డ్రైవరు ఇలాగే డివైడర్ ఎక్కించాడు. మందు తాగాడేమో అని అందరూ అనుకున్నారు. తాగడు పాపం. నాలుగేళ్ళుగా సరిగ్గా నిద్రపోలేదు, అంతే.

రెండోది లివర్. దేశంలో పెద్దవాళ్ళలో మూడోవంతుకి పైగా ఫ్యాటీ లివర్ ఉందని అంచనాలున్నాయి. నొప్పి ఉండదు, అందుకే "గ్రేడ్ వన్నే కదా" అంటాం. వాళ్ళలో కొందరికి లివర్లో వాపు, తర్వాత మచ్చలు, చివరికి సిరోసిస్. చుక్క ముట్టనివాడికి సిరోసిస్ ఏమిటని బంధువులు అనుమానంగా చూస్తారు. ఆ అవమానం ఇంకోటి.

మోకీళ్ళు: ఒంట్లో కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అమ్మాయిల్లో పీసీఓడీ అనే అండాశయాల సమస్య, నెలసరి తప్పడం. పిత్తాశయంలో రాళ్ళు. క్యాన్సర్లు కూడా. నెలసరి ఆగాక వచ్చే రొమ్ము క్యాన్సర్, గర్భాశయం, పెద్దపేగు, ఇలా మొత్తం పదమూడు రకాలకి అధిక కొవ్వుతో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో తేల్చింది.

ఇంకో జబ్బుంది, అది లావుగా ఉన్నవాళ్ళకి మనం అంటించేది. ఎగతాళి. స్కూల్లో పెట్టిన పేరు అరవై ఏళ్ళదాకా పోదు. సినిమాల్లో లావుపాటి మనిషి తెర మీదికొస్తే వెనక ఒక డప్పు మోత. "నోరు కట్టుకోలేవా" అని చదువుకున్నవాళ్ళే అంటారు, మా డాక్టర్లు కూడా అంటారు. సైన్సు అలా చెప్పడం లేదు. 1994లో న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్ని కనుక్కుంది. కొవ్వే దీన్ని తయారుచేసి, "నా దగ్గర ఇంత నిల్వ ఉంది" అని మెదడుకి కబురు పంపిస్తుంది. బరువు తగ్గితే ఆ కబురు తగ్గుతుంది. మెదడు కరువొచ్చిందనుకుని ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. అమెరికాలో టీవీ పోటీలో వేగంగా బరువు తగ్గినవాళ్ళని ఆరేళ్ళ తర్వాత చూస్తే, చాలావరకు బరువు తిరిగొచ్చింది. కానీ ఒళ్ళు ఖర్చు పెట్టే శక్తి మాత్రం ఉండాల్సిన దానికంటే రోజుకి 500 కేలరీలు తక్కువగానే ఉండిపోయింది. తగ్గి మళ్ళీ పెరిగినవాడిని చూసి నవ్వేముందు ఇది గుర్తుంచుకోండి. పళ్ళెం ఆయన చేతిలో ఉంది. ఆకలి ఆయన చేతిలో లేదు.

మరి ఏం చేయాలి? నేను డైట్ చార్టులివ్వను. మా ఫ్రిజ్ మీదే మూడున్నాయి, ఎవరూ చూడరు. నేను చెప్పేది, పళ్ళెం తిరగేయమని. కూర గరిటెడు, అన్నం పళ్ళెడు కాకుండా, కూర పళ్ళెడు వేసుకుని అన్నం నంజుకోండి. మొదట నవ్వుతారు. ఉప్పు, కారం, నూనె అన్నానికి సరిపడా వేసిన కూర ఉత్తగా తినలేరు కాబట్టి కూరల్లో అవీ తగ్గుతాయి. నేను చేసిందిదే. దొండకాయ, బీరకాయ, ఆనపకాయ గిన్నెడు, ముద్దపప్పు ఒక కప్పు, అన్నం ఒక్కసారి, అది పెరుగులోకి. పెరుగన్నం మానలేకపోయాను, మాననని మా ఆయనకి ముందే చెప్పాను. 87 నుంచి 81కి రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఇంకా ఆ ఒక్కటీ తగ్గలేదు.

ఎంత తగ్గాలి అంటే, పెళ్ళినాటి ఫోటో దాకా వెళ్ళక్కర్లేదు. అమెరికాలో 2002లో ఒక పెద్ద ప్రయోగం. షుగర్ అంచున ఉన్నవాళ్ళు ఏడు శాతం బరువు తగ్గించి, వారానికి రెండున్నర గంటలు నడవాలని పెట్టుకున్నారు. షుగర్ రావడం 58 శాతం తగ్గింది. ఎనభై కిలోల మనిషికి ఏడు శాతమంటే ఆరు కిలోల లోపే. మన పక్కన చెన్నైలో రామచంద్రన్ గారు 2006లో మనవాళ్ళ మీద చేసి చూపించారు, షుగర్ రావడం 28 శాతం పైన తగ్గింది. అమెరికా అంత రాలేదేం అంటే, అటక సంగతీ ఒక కారణం కావచ్చు. షుగర్ వచ్చి కొన్నేళ్ళే అయినవాళ్ళకి బ్రిటన్‌లో ఇంకోటి చేశారు. పదిహేను కిలోలు, ఆపైన తగ్గినవాళ్ళలో 86 శాతం మందికి ఏడాది తర్వాత మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది.

నడక మంచిదే, రోజూ నడవండి. నడిచొచ్చాక పార్కు గేటు దగ్గర పునుగులు తింటే ఆ నడక పునుగుల ఖర్చుకే చాలదు. నడకతో పాటు బరువులెత్తండి, నీళ్ళ సీసాలైనా సరే. కండ ఉంటే చక్కెరకి అటక కాక ఇంకో చోటు దొరుకుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేడమ్, ఇంజెక్షన్లు వచ్చాయి కదా, వారానికొకటి. మా అల్లుడు తీసుకుంటున్నాడు.

మంచి మందులండీ, నేను వాటికి వ్యతిరేకిని కాను. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గారు. 2025 మార్చిలో టిర్జెపటైడ్ అనే ఇంకోటి కూడా మన దేశంలోకొచ్చింది. మెదడుకి ఆకలి లేదని చెబుతాయి అవి. వాంతులు, మలబద్ధకం ఉంటాయి, కొవ్వుతో పాటు కండా పోతుంది. సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని దాన్ని తయారుచేసే కంపెనీ పరిశోధనలోనే ఉంది. బీపీ మాత్రలాగా ఏళ్ళ తరబడి వాడేదనుకుని మొదలుపెట్టాలి. కొంతమందికి అసలు ఇవ్వకూడదు కూడా. పెళ్ళి ఫోటోల కోసమైతే వద్దు. మీ అల్లుడు గారికి ఎవరు రాశారు?

(సభలోంచి: "మెడికల్ షాపులో తెలిసినబ్బాయి ఉన్నాడు.")

రేపు ఆయన్ని ఏదైనా డాక్టరు దగ్గరికి పంపండి. నా దగ్గరికే రానక్కర్లేదు.

ప్రశ్న: పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో నిమ్మరసం, తేనె...

తేనె కూడా చక్కెరేనండీ. నీళ్ళు మంచివే, నిమ్మరసం తాగండి. కొవ్వు మాత్రం దాంతో కరగదు.

ప్రశ్న (ఒక పెద్దావిడ): మా మనవడికి పదకొండేళ్ళమ్మా, బొద్దుగా ఉంటాడు. మా కోడలు నా మీద కేకలేస్తుంది, నేనే పెడుతున్నానని. పెద్దయితే సాగిపోతాడు కదా?

కొందరు సాగుతారమ్మా, అందరూ సాగరు. ఆ వయసులో ఒళ్ళు చేసినవాళ్ళలో చాలామంది పెద్దయ్యాకా అలాగే ఉంటారు. మెడ వెనక నల్లగా, మందంగా మకిలి పట్టినట్టుంటుందా? (సభలోంచి: "ఉంటుంది. రుద్దినా పోదు.") రుద్దకండి, అది మురికి కాదు. ఇన్సులిన్ ఎక్కువగా ఉందని చర్మం చెబుతోంది. పిల్లల డాక్టర్‌కి చూపించండి, షుగర్, లివర్ చూస్తారు. వాణ్ణి లావని ఎవరూ పిలవొద్దు, విడిగా డైటింగ్ పెట్టొద్దు. ఇంట్లో అందరికీ అదే వంట. బిస్కెట్లు, కూల్‌డ్రింకులు వాడికి దాచడం కాదు, కొనకండి. సాయంత్రం ట్యూషన్ ఒకటి తగ్గించి ఆడుకోనివ్వండి. మీ కోడలితో నేను మాట్లాడతాను, మీరు పెట్టే ప్రేమని ముద్దల్లో కాకుండా ఇంకెలాగైనా పెట్టమని మీకూ చెబుతాను.

టైమైందంటున్నారు. టేపు ఇక్కడే టేబుల్ మీద పెడుతున్నాను. ఆడవాళ్ళకి లోపల పిల్లల పుస్తకాల గది తెరిచి ఉంచారు. చీటీలున్నాయి, మీ అంకె మీరే రాసుకుని జేబులో పెట్టుకోండి, నాకు చూపించక్కర్లేదు. టీ బయట ఉంది, చక్కెర విడిగా పెట్టమన్నాను. ఆ ఇద్దరు పెద్దమనుషులూ, ముందు టేపు దగ్గరికి రండి, టీ ఎక్కడికీ పోదు. (నవ్వులు)